రద్దీ, ఇరుకు, కిటకిట: ఇంగ్లిష్‌లో ఏ మాట ఎక్కడ?

సిరామరక:

తెలుగు జిల్లా వార్తల్ని ఇంగ్లిష్ పేజీకి తిరగరాసే పనిలో ఒక చిక్కు. జనం, రద్దీ, ఇరుకు ఉన్న ప్రతి వాక్యానికీ నిఘంటువు 'క్రౌడెడ్' అనే చూపిస్తోంది. పర్యాయపదాల పట్టికలో ప్యాక్డ్, క్రామ్డ్, క్రాంప్డ్, కంజెస్టెడ్, ఓవర్‌క్రౌడెడ్ అన్నీ ఒకే వరసలో కూర్చున్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే మాత్రం వాక్యం అతకడం లేదు. మచ్చుకి ఆరు వాక్యాలు:

1. పండక్కి ముందురోజు ఎంజీబీఎస్ ప్రయాణికులతో కిటకిటలాడింది.
2. ఎనిమిది మంది ఉన్న కుటుంబం ఒక్క ఇరుకు గదిలో కాపురం ఉంటోంది.
3. ఆటోలో పదమూడు మంది కూలీలను కుక్కి తీసుకెళ్తున్నారు.
4. సాయంత్రమైతే అమీర్‌పేట కూడలిలో విపరీతమైన రద్దీ.
5. జైలు సామర్థ్యానికి మించి ఖైదీలతో నిండిపోయింది.
6. క్యూలైన్ల దగ్గర తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు.

వీటిలో ఏది ఎక్కడ? ఇంకో రెండు సందేహాలు: 'వెరీ ప్యాక్డ్' అనొచ్చా? ఈ మాటల వెనక 'విత్', 'ఆఫ్', 'బై'లలో ఏది రావాలి?

నుడికడలి:

సిరామరక గారూ, మీ ఆరు వాక్యాల్లో ఆరు వేరువేరు ఫిర్యాదులున్నాయి. 'క్రౌడెడ్' వాటిలో ఒక్కదానికే దగ్గరగా వస్తుంది, అదీ అంతంతమాత్రంగానే. అర్థాలు బట్టీ పట్టే బదులు ఒక పరీక్ష పెట్టి చూడండి: ఆ చోటును ఖాళీ చేస్తే మాట నిలుస్తుందా?

గదిలోంచి అందరినీ బయటికి పంపేశారనుకోండి. ఆ గది ఇక 'క్రౌడెడ్' కాదు, 'ప్యాక్డ్' కూడా కాదు. 'క్రాంప్డ్' మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే అది గది కొలత మీద ఫిర్యాదు, మనుషుల లెక్క మీద కాదు. ఒంటరిగా ఉండే మనిషి గది కూడా క్రాంప్డే కావచ్చు. కాళ్లు చాపుకోవడానికి లేని విమానం సీటు, అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకునే చేతిరాత, ఇవన్నీ క్రాంప్డ్. మన 'ఇరుకు' కచ్చితంగా ఇదే. కాబట్టి మీ రెండో వాక్యం: 'ఎ ఫ్యామిలీ ఆఫ్ ఎయిట్ లివ్స్ ఇన్ ఎ సింగిల్ క్రాంప్డ్ రూమ్'. దీని వెనక 'విత్' తగిలించకండి. 'క్రాంప్డ్ విత్ పీపుల్' అనగానే అది క్రామ్డ్‌కి వచ్చిన అచ్చుతప్పులా కనిపిస్తుంది.

క్రామ్డ్, క్రాంప్డ్ చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉన్నా పుట్టిల్లు వేరు. 'క్రామ్' పాత ఇంగ్లిష్ మాట, అర్థం కుక్కడం, దట్టించడం. పరీక్ష ముందురోజు రాత్రి చదువుకి 'క్రామింగ్' అనే పేరు అందుకే వచ్చింది. 'క్రాంప్' పిక్క పట్టేసినప్పుడు వాడే మాటకు చుట్టం. క్రామ్డ్‌లో బలవంతం ఉంటుంది: పట్టని చోట పట్టించారు. మూడో వాక్యానికి అదే కావాలి. రెండు రకాలుగా రాయొచ్చు, ఏది ముందుకు తెస్తారో దాన్నిబట్టి వెనక మాట మారుతుంది. మనుషులతో మొదలుపెడితే 'ఇన్‌టూ': 'థర్టీన్ లేబరర్స్ వర్ క్రామ్డ్ ఇన్‌టూ యాన్ ఆటోరిక్షా'. బండితో మొదలుపెడితే 'విత్': 'ది ఆటోరిక్షా వాజ్ క్రామ్డ్ విత్ లేబరర్స్'. ఎవరో కుక్కారన్న సంగతే వార్త అయితే మొదటిది మేలు. వాళ్లే సర్దుకుని ఎక్కారంటే 'స్క్వీజ్డ్ ఇన్‌టూ' అనాలి, అందులో నింద ఉండదు.

ఇక 'ప్యాక్డ్'. సందు లేకుండా నిండిందన్నంతవరకే దీని పని. బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. నాటకం 'ప్యాక్డ్ హౌస్'కి ఆడిందంటే అది సంబరం. రైలు ప్యాక్డ్ అంటే అవస్థ. మన కిటకిట, కిక్కిరిసిన, ఇసక వేస్తే రాలనంత, వీటికి దగ్గరిది ఇదే. మొదటి వాక్యంలో ఎంజీబీఎస్ 'వాజ్ ప్యాక్డ్ విత్ ప్యాసింజర్స్'. 'క్రౌడెడ్' అంటే దానికి ఒక మెట్టు కింద: జనం బాగా ఉన్నారు, నడవడం కష్టంగా ఉంది, అయినా ఇంకొకరు దూరగలరు. పండగ ముందురోజు బస్టాండుకి అది చాలదు.

'టీమింగ్', 'బస్లింగ్' అనే రెండూ ఇక్కడికి తేవద్దు. రెండింటిలోనూ కదలిక ఉంటుంది. టీమింగ్ అంటే చేపలతో చెరువులా, జీవంతో నిండి ఉండటం. బస్లింగ్ పర్యాటక శాఖ కరపత్రాల మాట, సంతోషంగా సందడి చేసే బజారుకి పనికొస్తుంది. రాత్రంతా బస్సు కోసం నిలబడ్డవాళ్లున్న చోటును బస్లింగ్ అంటే వెటకారమే. సామాను చిందరవందరగా పడి ఉంటే 'క్లటర్డ్', గాలి ఆడక ఉక్కపోస్తే 'స్టఫీ'. ఈ రెండూ కూడా మనవాళ్లు 'క్రౌడెడ్' కిందే తోసేస్తుంటారు.

దారిలెక్క:

నాలుగో వాక్యం నాది. నేను చూసేది ట్రాఫిక్ నివేదికలు.

'కంజెస్టెడ్'లో అసలు విషయం ప్రవాహం. కదలాల్సింది కదలకపోవడం. అందుకే రోడ్డు, ముక్కు, ఊపిరితిత్తులు, మొబైల్ నెట్‌వర్క్, ఓడరేవు కంజెస్ట్ అవుతాయి. లండన్‌లో 2003 ఫిబ్రవరి నుంచి నగరం నడిబొడ్డుకి వచ్చే బండ్ల మీద వేస్తున్న రుసుము పేరు 'కంజెషన్ ఛార్జ్'. క్రౌడ్ ఛార్జ్ అనలేదు, ఎందుకంటే సమస్య బండ్ల సంఖ్య ఒక్కటే కాదు, వేగం పడిపోవడం. రోడ్డు మీద బండ్లు చాలా ఉండి అన్నీ సాఫీగా పోతుంటే అది 'బిజీ రోడ్', కంజెస్టెడ్ కాదు.

కాబట్టి అమీర్‌పేటకి: బండ్లు ఆగి ఆగి కదులుతున్నాయంటే 'బ్యాడ్లీ కంజెస్టెడ్'. పూర్తిగా ఆగిపోతే 'జామ్డ్' లేదా 'గ్రిడ్‌లాక్'. గ్రిడ్‌లాక్ అంటే మామూలు జామ్ కాదు, కూడలి మధ్యలో బండ్లు ఇరుక్కుని నాలుగు వైపులా ఒకదాన్నొకటి ఆపేయడం. ఒకే వైపు బారు తీరితే అది గ్రిడ్‌లాక్ కాదు, దాన్ని 'టెయిల్‌బ్యాక్' అంటారు. కూడలిలో బండ్లా, మెట్రో మెట్ల దగ్గర మనుషులా అన్నది మీ తెలుగు వాక్యంలో లేదు. 'రద్దీ' రెండింటికీ పనికొస్తుంది, ఇంగ్లిష్‌లో ఏదో ఒకటి తేల్చుకోవాలి. విలేకరిని అడిగి రాయండి.

ఇంకో రెండు చోట్ల మనవాళ్లు జారతారు. 'హెవీ ట్రాఫిక్' సరే, 'హెవీ రెయిన్' సరే, 'హెవీ క్రౌడ్' కుదరదు. 'లార్జ్ క్రౌడ్', 'హ్యూజ్ క్రౌడ్', దట్టంగా ఉంటే 'డెన్స్ క్రౌడ్'. రెండోది 'రష్'. 'బస్సు రష్‌గా ఉంది' అన్నది తెలుగులో చక్కటి వాక్యం, కానీ 'ది బస్ ఈజ్ రష్' ఇంగ్లిష్ కాదు. ఇంగ్లిష్ రష్‌లో తొందర ఉంటుంది, నిండుదనం ఉండదు. 'రష్ అవర్' వరకు వాడుకోండి. 'ది రూమ్ ఈజ్ కంజెస్టెడ్' కూడా ఈ కోవలోదే, తప్పు. గదిలో ప్రవహించేదేమీ లేదు.

పాతకాగితం:

దారిలెక్క గారు చివర్లో కొంచెం తొందరపడ్డారు. 'కంజెస్టెడ్'ని మనుషుల నివాసానికి వాడటం మనం పుట్టించిన తప్పేమీ కాదు. ఐర్లండ్ పడమటి ప్రాంతాల కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1891లో పెట్టిన సంస్థ పేరే 'కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డ్'. అక్కడ వీధుల్లో జనం కిక్కిరిసి లేరు, ప్రవాహమూ ఆగలేదు. ఆ నేల పండించేదానికి మించి కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి, అదీ వాళ్ల అర్థం. మన భవన నిర్మాణ నిబంధనల్లోనూ పాత బస్తీల లాంటి చోట్లకు 'కంజెస్టెడ్ ఏరియాస్' అనే మాట నడుస్తోంది. ఇల్లు కొనేవాళ్లు 'ఏరియా కంజెస్టెడ్‌గా ఉంది' అంటే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ అర్థంకాని వాళ్లు లేరు.

అందుకని తప్పు అనకుండా, ఎవరు చదువుతారో చూసుకోమని చెప్పడం న్యాయం. ప్రాంతానికైతే కంజెస్టెడ్ ఉంచుకోవచ్చు, ఇరుకు సందుల్లో రాకపోకలకు ఇబ్బంది అన్న అర్థం అందులో ఉండనే ఉంది. గదికి మాత్రం నేనూ ఒప్పుకోను. బయటి దేశపు పాఠకుడు 'కంజెస్టెడ్ రూమ్' చదివి ఒక్క క్షణం ఆగుతాడు. వార్తలో ఆ ఆగడం మనకు నష్టం.

నుడికడలి:

ప్రాంతం విషయంలో పాతకాగితం గారితో ఏకీభవిస్తాను. అయితే 'డెన్స్‌లీ పాపులేటెడ్' అనే మాట సిద్ధంగా ఉన్నప్పుడు, జనసాంద్రత గురించే చెప్పాలంటే అది ఇంకా తేట. ఇంకో తేడా కూడా పట్టించుకోవాలి. దేశమో జిల్లానో అయితే 'ఓవర్‌పాపులేటెడ్', భవనమో బండో అయితే 'ఓవర్‌క్రౌడెడ్'.

కొలబద్ద:

ఐదో వాక్యానికి వస్తాను. 'ఓవర్‌క్రౌడెడ్'ని 'చాలా క్రౌడెడ్' అనుకుని రాస్తుంటారు. అది తీవ్రతను చెప్పే మాట కాదు, ఒక హద్దు దాటిందని చెప్పే మాట. ఆ హద్దు ఏమిటని ఎడిటర్ అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి. లేకపోతే 'వెరీ క్రౌడెడ్' అని ఊరుకోవడం మేలు.

కొన్ని హద్దులు చట్టంలోనే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 1985 హౌసింగ్ చట్టం ఇంటికి రెండు కొలతలు పెట్టింది. ఒకటి గది విస్తీర్ణం: 110 చదరపు అడుగులు, ఆపైన ఉంటే ఇద్దరు, 90 నుంచి 110 లోపు ఒకటిన్నర, 70 నుంచి 90 లోపు ఒకరు, 50 నుంచి 70 లోపు అర. 50కి తక్కువైతే ఆ గది లెక్కలోకే రాదు. ఏడాది నిండని బిడ్డను లెక్కపెట్టరు, పదేళ్ల లోపు పిల్లలు అర కింద లెక్క. ఇంకొకటి పడకకు సంబంధించింది: దంపతులు కాని, పదేళ్లు నిండిన ఆడ, మగ ఒకే గదిలో పడుకోవాల్సి వస్తే అది ఓవర్‌క్రౌడింగే. మురికివాడల్ని గుర్తించేటప్పుడు ఐక్యరాజ్యసమితి హాబిటాట్ వాడే కొలత ఇంకా సులువు, ఒక గదిలో ముగ్గురికి మించకూడదు. కాబట్టి మీ రెండో వాక్యంలోని ఎనిమిది మంది కుటుంబం క్రాంప్డ్ మాత్రమే కాదు, ఓవర్‌క్రౌడెడ్ కూడా. కథనం వాళ్ల అవస్థ గురించైతే మొదటిది, గృహవసతి పథకం గురించైతే రెండోది.

జైళ్ల దగ్గర అంకెలతో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశంలోని జైళ్ల సామర్థ్యం 4,36,266, ఖైదీలు 5,73,220. ఆక్యుపెన్సీ రేటు 131.4 శాతం. దీన్ని 'ఓవర్‌క్రౌడెడ్ బై 131 పర్సెంట్' అని రాస్తే రెట్టింపు దాటినట్టు అవుతుంది. సరైనవి రెండు: 'యట్ 131 పర్సెంట్ ఆఫ్ కెపాసిటీ' లేదా '31 పర్సెంట్ ఓవర్ కెపాసిటీ'. అంకె ఉన్నప్పుడు ఓవర్‌క్రౌడెడ్ అనే మాటే అక్కర్లేదు, అంకె దానంతటదే చెబుతుంది.

బండ్లకూ పడవలకూ ఇంకో మాట ఉంది, 'ఓవర్‌లోడెడ్'. ఇది బరువుకు సంబంధించింది. పడవ మునిగిందంటే కారణం బరువు, కాబట్టి 'ఓవర్‌లోడెడ్ బోట్'. బస్సులో ఊపిరాడకపోతే 'ఓవర్‌క్రౌడెడ్ బస్'. మోటారు వాహనాల చట్టమూ రెండింటినీ విడగొట్టింది. 2019 సవరణలో సరుకు బరువు మించితే 194వ సెక్షన్, 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2,000. ప్రయాణికులు ఎక్కువైతే 194ఎ, అదనంగా ఎక్కించిన ఒక్కొక్కరికి 200. మీ మూడో వాక్యంలో ఆటోకి కేసు పడిందని ఉంటే అది చట్టం మాటల్లో 'క్యారీయింగ్ ఎక్సెస్ ప్యాసింజర్స్'. ఓవర్‌లోడింగ్ అని రాస్తే చదివేవాడు 194 అనుకుంటాడు. కేసు సంగతి లేకపోతే నుడికడలి గారి 'క్రామ్డ్' ఉంచండి, అందులో మనుషులు కనిపిస్తారు.

గుంపుగతి:

ఆరోది జాగ్రత్తగా రాయాల్సిన వాక్యం. మన పత్రికలన్నీ తొక్కిసలాటకు కళ్లు మూసుకుని 'స్టాంపీడ్' పెట్టేస్తాయి.

స్టాంపీడ్ అంటే బెదిరిన పశువుల మంద పరుగు. పరుగెత్తాలంటే ఖాళీ ఉండాలి. చాలా ఘటనల్లో ఉండనిదే ఆ ఖాళీ. చదరపు మీటరుకి ఐదుగురు దాటితే ప్రమాదం మొదలవుతుంది. ఆరేడుగురు దాటాక ఎవరి అడుగు వాళ్ల చేతిలో ఉండదు, గుంపు నీళ్లలా ఊగుతుంది, వెనక నుంచి వచ్చిన తోపు అలలా ముందుకు పాకుతుంది. అక్కడ ప్రాణాలు పోయేది ఎక్కువగా కాళ్ల కింద నలిగి కాదు, ఛాతీ విప్పారడానికి చోటు లేక ఊపిరాడక. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే పోతారు. దీనికి మాట 'క్రష్', 'క్రౌడ్ క్రష్'. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో 97 మంది ప్రాణాలు తీసింది క్రష్. 2022 అక్టోబర్ 29న సియోల్‌లోని ఇతెవాన్ సందులో 159 మందిని పొట్టన పెట్టుకున్నదీ అదే.

తేడా భాష కోసమే కాదు. స్టాంపీడ్ అనగానే జనం వెర్రెత్తి పరుగెత్తారన్న నింద వాళ్ల మీద పడుతుంది. క్రష్ అంటే గేట్లు ఎన్ని తెరిచారు, లోపలికి ఎందరిని వదిలారు, బారికేడ్లు ఎక్కడ పెట్టారు అన్న ప్రశ్నలకు దారి ఉంటుంది. నిజంగా ఏదో పేలిందనో పాము వచ్చిందనో జనం పరుగు తీసి, పడినవాళ్ల మీదుగా తొక్కుకుంటూ పోతే స్టాంపీడ్ రాయండి. గేటు తీయగానే ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తే ఆ కదలిక 'సర్జ్', దాని ఫలితం 'క్రష్'. ఏం జరిగిందో తేలకముందు క్రష్ అనడమే క్షేమం.

రైల్వే వాళ్ల 'క్రష్ లోడ్'తో దీన్ని కలపకండి. అది ప్రమాదం పేరు కాదు, పెట్టెలో గరిష్ఠ రద్దీకి సాంకేతిక పదం. ముంబై లోకల్ రైళ్లకైతే అదీ చాలక 'సూపర్ డెన్స్ క్రష్ లోడ్' అని ఇంకొకటి ఉంది: నిలబడేవాళ్లు చదరపు మీటరుకి 14 నుంచి 16 మంది. పైన చెప్పిన ఆరేడుతో పోల్చి చూసుకోండి.

నుడికడలి:

మిగిలిన వ్యాకరణం సందేహాలకు.

'వెరీ' ముందు పెట్టుకోగలిగేవి: క్రౌడెడ్, క్రాంప్డ్, కంజెస్టెడ్, బిజీ. వీటిలో ఎక్కువ తక్కువలుంటాయి. ప్యాక్డ్, జామ్డ్, క్రామ్డ్ అప్పటికే చివరి మెట్టు మీద ఉన్నాయి, వాటికి 'యాబ్సల్యూట్‌లీ' గానీ 'కంప్లీట్‌లీ' గానీ తగులుతుంది. 'వెరీ ప్యాక్డ్' మాటల్లో వినిపిస్తుంది, రాతలో వద్దు. 'జామ్-ప్యాక్డ్'కి ఏదీ అక్కర్లేదు, పైగా అది కబుర్ల మాట, మరణాలున్న వార్తలో పెట్టకూడదు. ఓవర్‌క్రౌడెడ్‌కి 'సివియర్‌లీ' బాగా అతుకుతుంది.

వెనక వచ్చేది దాదాపు అన్నిటికీ 'విత్': క్రౌడెడ్, ప్యాక్డ్, క్రామ్డ్, టీమింగ్, క్లటర్డ్. 'ఆఫ్' తీసుకునేవి రెండే గుర్తుంచుకోండి, 'ఫుల్' ఒకటి, 'చాక్-ఫుల్' ఇంకొకటి. 'ఫిల్డ్' మళ్లీ విత్ వైపు. 'చాక్-ఎ-బ్లాక్' కూడా విత్తే. అది ఓడల మాట, తాడు లాగే కప్పీలు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఇక లాగడానికి లేని స్థితి. 'బై' మాత్రం వాడకండి. మనకు 'జనంతో' అన్న తృతీయా విభక్తి ఉంది కదా అని కొందరు 'క్రౌడెడ్ బై పీపుల్' రాస్తారు. అది కర్మణి వాక్యంలా మారి, జనం ఎవరినో చుట్టుముట్టారన్న అర్థం వైపు పోతుంది.

ఇంకొకటి. క్రౌడెడ్, ప్యాక్డ్, క్రాంప్డ్ మూడూ నామవాచకం ముందు నిలబడతాయి: 'ఎ ప్యాక్డ్ ట్రైన్'. 'ఎ క్రామ్డ్ ట్రైన్' అంత బాగా నడవదు. క్రామ్డ్‌ని నామవాచకం తర్వాతే ఉంచండి.

సినిమా హాళ్ల బోర్డు మీది 'హౌస్‌ఫుల్' కూడా రేపో మాపో మీకు తగులుతుంది. మన దేశం దాటితే అది 'ఫుల్ హౌస్', టికెట్లు అయిపోయాయన్న అర్థంలో 'సోల్డ్ అవుట్'.

సిరామరక:

అందరికీ ధన్యవాదాలు. ఇలా దిద్దాను. ఒకటి: 'ఎంజీబీఎస్ వాజ్ ప్యాక్డ్ విత్ ప్యాసింజర్స్'. రెండు: 'సింగిల్ క్రాంప్డ్ రూమ్'. మూడు: 'క్రామ్డ్ ఇన్‌టూ యాన్ ఆటోరిక్షా'. నాలుగు: విలేకరిని అడిగితే బండ్లేనన్నారు, ఆగి ఆగి కదులుతున్నాయట, కాబట్టి 'బ్యాడ్లీ కంజెస్టెడ్'. ఐదు: ఆ జైలు సామర్థ్యం, ఖైదీల సంఖ్య తెప్పిస్తున్నాం, వచ్చేదాకా 'ఓవర్ కెపాసిటీ'. ఆరు: 'సెవెరల్ వర్ ఇంజర్డ్ ఇన్ ఎ క్రష్ నియర్ ది క్యూ లైన్స్'.

గుంపుగతి:

ఆరులో 'లైన్స్' తీసేయండి, 'క్యూ'లోనే వరస ఉంది. గాయాలు బారికేడ్ల మధ్య జరిగాయో, గేటు ముందు జరిగాయో తెలిస్తే 'నియర్' బదులు ఆ చోటు రాయండి. వెనక నుంచి తోపు వచ్చిందా, ముందు దారి మూశారా అన్నది కూడా విలేకరినే అడగండి. రెండో సందర్భమైతే వాక్యం గేటుతో మొదలవ్వాలి.